ట్రకోమా: పిల్లల కంటి పుసి నుంచి పెద్దవాళ్ల రెప్ప ఆపరేషన్ దాకా, ఒక్కో అడుగు

"మా అమ్మమ్మ కంట్లో వెంట్రుకలు గుచ్చుకుంటున్నాయి, పీకేస్తే సరిపోతుందా?" "మన దేశంలో ట్రకోమా పోయిందన్నారు కదా, మరి డాక్టర్ ఆ పేరు ఎందుకు ఎత్తారు?" "ఒక్క డోసుతో తగ్గుతుందట, నిజమేనా?" పాఠకుల నుంచి ఈ మూడు ప్రశ్నలూ మళ్లీ మళ్లీ వస్తున్నాయి. ముక్కలుగా జవాబిస్తే సగమే అర్థమవుతోంది కాబట్టి మొత్తం ఒక వరుసలో రాస్తున్నాను. ట్రకోమా అంటే బ్యాక్టీరియా వల్ల రెప్ప లోపల వచ్చి, ఒకరి నుంచి ఒకరికి అంటుకునే కంటి జబ్బు.

రెండో ప్రశ్న సంగతి ముందే తేల్చేద్దాం. 2024 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ, భారతదేశం ట్రకోమాను ప్రజారోగ్య సమస్యగా నిర్మూలించిందని ధ్రువీకరించింది. దీనికి రెండు ముఖ్యమైన కొలతలున్నాయి. 1–9 ఏళ్ల పిల్లల్లో అంటు దశలో ఉన్న జబ్బు 5 శాతం కంటే తక్కువ ఉండాలి. 15 ఏళ్లు దాటినవాళ్లలో, వైద్య సిబ్బంది దృష్టికి రాకుండా మిగిలిపోయిన, రెప్ప వెంట్రుకలు లోపలికి తిరిగే సమస్య 0.2 శాతం కంటే తక్కువ ఉండాలి. అంతేగానీ కేసులు సున్నా అయ్యాయని కాదు. చిన్నప్పుడెప్పుడో జబ్బు పడి రెప్ప లోపల మచ్చ మిగిలినవాళ్లకు, ఇప్పుడు ఊళ్లో ఒక్క సూక్ష్మజీవి లేకపోయినా వెంట్రుకలు లోపలికి తిరుగుతూనే ఉంటాయి. ఈ మనుషుల్నే మనం మర్చిపోతున్నాం. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు రెప్పలకే ఇచ్చాను.

1. ముందు రెండు దశల్ని వేరు చేసుకోండి

ట్రకోమాకు కారణం క్లమీడియా ట్రకోమాటిస్ అనే బ్యాక్టీరియా. ఇది ప్రధానంగా పై రెప్ప లోపలి పొరను పట్టుకుంటుంది. ఒకసారి సోకి తగ్గిపోతే పెద్ద నష్టం ఉండదు. చిన్నతనంలో పదే పదే సోకడంతోనే అసలు చిక్కు మొదలవుతుంది.

మొదటిది అంటు దశ. ఎక్కువగా పసిపిల్లల్లో, బడి ఈడు రాని పిల్లల్లో కనిపిస్తుంది. కళ్లు ఎర్రబడతాయి, నీరు కారుతుంది, పుసి కడుతుంది. చాలామంది పిల్లలకు ఏ బాధా ఉండదు, ఆడుకుంటూనే ఉంటారు. కానీ ఇంకొకరికి అంటిస్తూనే ఉంటారు.

రెండోది మచ్చ దశ. ఏళ్ల తరబడి వాచి, మానిన రెప్ప లోపలి పొర ముడుచుకుపోతుంది. రెప్ప అంచు లోపలికి మళ్లుతుంది. వెంట్రుకలు కంటిగుడ్డును తాకుతాయి. ఆ తర్వాత రెప్ప వేసిన ప్రతిసారీ నల్లగుడ్డు మీద గీతే. ఆ గీతలు పుండై, మానినచోట తెల్లటి పువ్వు పడుతుంది. చూపు పోయేది ఇక్కడే.

మొదటి దశకు మందు ఉంది. రెండో దశలో తిరిగిపోయిన వెంట్రుకల్ని ఏ మందూ వెనక్కి తిప్పలేదు, దానికి ఆపరేషనే. అమ్మమ్మకు చుక్కల మందు వేస్తూ కూర్చోవడం, మనవడికి ఆపరేషన్ అంటారేమోనని భయపడటం రెండూ ఈ తేడా తెలియకనే.

2. ఎవరి విషయంలో అనుమానించాలి

మన దేశంలో ఈ జబ్బు ఎక్కువగా పీడించింది రాజస్థాన్, గుజరాత్, హర్యానా, పంజాబ్, ఉత్తరప్రదేశ్ లాంటి పొడి ప్రాంతాల్ని. నికోబార్ దీవుల్లోనూ గట్టిగానే ఉండేది. ఆంధ్ర, తెలంగాణల్లో పుసి కట్టిన ప్రతి కంటికీ ట్రకోమా పేరు పెట్టి టెన్షన్ పడనక్కర్లేదు. కింది వాళ్ల విషయంలో మాత్రం గుర్తుంచుకోండి.

- నీటి కరవు ఉన్న ఊళ్లో పెరిగి, ఏళ్లుగా కంట్లో ఇసుక పడ్డట్టు ఉందనే పెద్దవాళ్లు. ముఖ్యంగా ఆడవాళ్లు.
- పైన చెప్పిన రాష్ట్రాల నుంచి వచ్చి మన ఊళ్లలో స్థిరపడిన కుటుంబాల్లోని పెద్దావిడలు.
- ఇథియోపియాలో పాఠాలు చెబుతున్న తెలుగు అధ్యాపకుల కుటుంబాలు, దక్షిణ సూడాన్ లాంటి చోట్ల పనిచేసే ఆరోగ్య సిబ్బంది. ప్రపంచంలో ట్రకోమా భారం అత్యధికంగా ఉన్న దేశం ఇథియోపియానే.

ఆడవాళ్లని ప్రత్యేకంగా ఎందుకన్నానంటే, ట్రకోమా వల్ల చూపు పోయే ముప్పు వాళ్లకు మగవాళ్లకంటే దాదాపు నాలుగు రెట్ల వరకు ఎక్కువ. పిల్లల్ని ఎత్తుకునేదీ, మొహం తుడిచేదీ, పక్కలో పడుకోబెట్టుకునేదీ వాళ్లే. పిల్లల నుంచి జబ్బు మళ్లీ మళ్లీ వాళ్లకే అంటుకుంటుంది. కళ్ల వెంట నీళ్లు కారుతుంటే పొయ్యి పొగ అనుకుని ఊరుకునేదీ వాళ్లే.

3. ఇంట్లో చూసే పద్ధతి

దీనికి కావాల్సినవి పగటి వెలుతురు, ఒక చిన్న టార్చి, సబ్బుతో కడిగిన చేతులు.

పిల్లల్ని చూసేటప్పుడు:

- నిద్ర లేవగానే కాకుండా, మొహం కడిగిన రెండు మూడు గంటల తర్వాత చూడండి. అప్పటికీ కంటి కొసల్లో పుసి, ముక్కు కింద చీమిడి ఉన్నాయా?
- కళ్లమీద ఈగలు వాలుతుంటే పిల్ల తోలుకోకుండా అలాగే ఉంటోందా?
- ఇంట్లో ఇంకో పిల్లకూ ఇలాగే ఉందా? వారాల తరబడి పోతూ వస్తూ ఉందా?

పై రెప్పను మీరే తిరగేసి చూసే ప్రయత్నం చేయకండి. పిల్ల బెదిరిపోతుంది, కంటికి గోరు తగులుతుంది, ఆ తర్వాత డాక్టర్‌ను కూడా దగ్గరకు రానివ్వదు.

పెద్దవాళ్ల రెప్పలు చూడటం మాత్రం ఎవరైనా నేర్చుకోవచ్చు. ఈ పని నిదానంగా చేయండి.

- పెద్దావిడను వాకిట్లో, వెలుతురు మొహం మీద పడేలా కూర్చోబెట్టండి. కళ్లజోడు తీయించండి.
- ఎదురుగా కూర్చుని, నేరుగా ముందుకు చూడమనండి. ముందు ముట్టుకోకుండానే చూడండి. వెంట్రుకలు బయటికి వంగి ఉన్నాయా, కిందికి దిగి గుడ్డును తాకుతున్నాయా?
- బొటనవేలితో పై రెప్పను కనుబొమ వైపు కొంచెం పైకి జరపండి. నొక్కకూడదు. రెప్ప అంచు కనబడితే చాలు.
- టార్చిని పక్క నుంచి, చెవి వైపు నుంచి వేయండి. ఎదురుగా వేస్తే సన్నటి వెంట్రుకలు వెలుతురులో కలిసిపోతాయి. పక్క నుంచి వేస్తే నల్లగుడ్డు మీద దాని నీడ కనబడుతుంది.
- ముక్కు వైపు కొస నుంచి చెవి వైపు కొస దాకా వరసగా చూడండి. ఒక్క వెంట్రుక తాకినా లెక్కే.
- వెంట్రుకలు అసలే లేని ఖాళీ జాగా గానీ, తెగిన మొదళ్లు గానీ కనిపిస్తే, "పీకుతుంటావా?" అని మెల్లగా అడగండి. చాలామంది ఏళ్లుగా పీకుతూ ఉంటారు, ఎవరికీ చెప్పరు.
- ఇదే పద్ధతిలో రెండో కన్ను కూడా చూడండి.

ట్రకోమా వల్ల తిరిగేవి ఎక్కువగా పై రెప్ప వెంట్రుకలు. వయసు మీదపడి రెప్ప వదులై తిరిగేది ఎక్కువగా కింది రెప్ప. దీనికీ డాక్టర్‌ను కలవాల్సిందే, కాకపోతే జబ్బు వేరు, వైద్యం వేరు.

4. ఆసుపత్రికి వెళ్లే ముందు

ఊళ్లో ఆశా కార్యకర్తకో, ఏఎన్‌ఎంకో చెబితే కంటి పరీక్ష ఎక్కడ, ఏ రోజు చేస్తారో తెలుస్తుంది. ఏరియా ఆసుపత్రి కంటి విభాగానికి నేరుగా కూడా వెళ్లవచ్చు. వెంట్రుకలు తిరిగిన కేసైతే రెప్ప ఆపరేషన్లు చేసే చోటుకే వెళ్లడం మంచిది. శుక్లం ఆపరేషన్లు చేసే ప్రతి చోటా ఇవి చేయరు. ముందు ఫోన్ చేసి అడిగితే ఒక ప్రయాణం మిగులుతుంది.

వెంట తీసుకెళ్లాల్సినవి, గుర్తుపెట్టుకోవాల్సినవి:

- ఇప్పటిదాకా వాడిన చుక్కల మందు సీసాలు, ఖాళీవైనా సరే.
- బీపీ, షుగర్, గుండె జబ్బులకు వాడే మాత్రల చీటీ. రక్తం పలచబడే మాత్ర వేసుకుంటుంటే అది మరీ ముఖ్యం.
- పిల్లల బరువు. మందు మోతాదు దాని మీదే ఆధారపడుతుంది.
- పుట్టి పెరిగిన ఊరు, ఎన్నేళ్లుగా బాధ, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అనే వివరాలు.
- ఏ మందైనా పడదనుకుంటే దాని పేరు. గర్భవతి అయితే ఆ మాట.

బాధ మొదలై ఏళ్లయినా సరే, కన్ను హఠాత్తుగా బాగా నొప్పి పెట్టినా, నల్లగుడ్డు మీద కొత్తగా తెల్లమచ్చ కనిపించినా, చూపు మసకబారినా ఈ సన్నాహాలేవీ పెట్టుకోకండి. అది నల్లగుడ్డు పుండు కావచ్చు, అదే రోజు వెళ్లాలి.

5. అక్కడ ఏం చూస్తారు

మామూలుగా ట్రకోమా నిర్ధారణకు రక్త పరీక్ష చేయరు. పై రెప్పను తిరగేసి, భూతద్దంతో, టార్చి వెలుతురులో చూస్తారు. పది సెకన్ల పని, నొప్పి ఉండదు. డాక్టర్ తిరగేయకుండానే చుక్కల మందు రాసేస్తుంటే, "పై రెప్ప లోపల ఒకసారి చూడండి సార్" అని మర్యాదగా అడగండి. అడగడంలో తప్పేమీ లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1987లో ఇచ్చిన ఐదు గుర్తుల్నే నేటికీ కొలతగా వాడుతున్నారు. పై రెప్ప లోపల మధ్య భాగంలో అర మిల్లీమీటరుకు తగ్గని పొక్కులు ఐదో, అంతకంటే ఎక్కువో ఉంటే అది మొదటి గుర్తు. ఇవి ఉడికిన సగ్గుబియ్యం గింజల్లా తెల్లగా, గుండ్రంగా కనిపిస్తాయి. పొర బాగా వాచి లోపలి రక్తనాళాల్లో సగానికి పైగా కనబడకుండా పోతే రెండో గుర్తు. ఈ రెండింటిలో ఏది ఉన్నా జబ్బు అంటు దశలో ఉన్నట్టు. తెల్లటి మచ్చ గీతలు మూడోది. ఒక్క వెంట్రుకైనా కంటిగుడ్డును తాకడం, లేదా పీకిన ఆనవాలు ఉండటం నాలుగోది. కంటిపాపకు అడ్డంగా పువ్వు పడటం ఐదోది.

ట్రకోమా అని పొరపడే జబ్బులు రెండున్నాయి. వర్షాకాలంలో వచ్చే కళ్లకలక ఒక్కసారిగా అందరికీ అంటుకుని, సాధారణంగా ఒకటి రెండు వారాల్లో తగ్గిపోతుంది. 2023 వానల్లో మన రెండు రాష్ట్రాల్లో చూశాం కదా, అది. రెండోది ఎలర్జీ. వేసవిలో ఎక్కువై విపరీతంగా దురద పెడుతుంది, మగపిల్లల్లో ఎక్కువ. ఎలర్జీలోనూ పై రెప్ప లోపల బుడిపెలు వస్తాయి, కానీ అవి పెద్దవిగా, బల్లపరుపుగా ఉంటాయి. దురదే ప్రధానమైన బాధగా ఉన్న పిల్లాడికి ట్రకోమా కంటే ఎలర్జీ ఉండే అవకాశమే ఎక్కువ.

6. మందు: అంటు దశకు

అవును, ఒక్క డోసే. అజిత్రోమైసిన్‌ను కిలో బరువుకు 20 మిల్లీగ్రాముల చొప్పున ఒకేసారి ఇస్తారు. పెద్దవాళ్లకు గరిష్ఠంగా 1 గ్రాము. మోతాదు రాయాల్సింది డాక్టరే. మీ పని దాన్ని సరిగ్గా పట్టించడం.

పిల్లల సిరప్ విషయంలో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. మన మెడికల్ షాపుల్లో 5 మిల్లీలీటర్లకు 100 మిల్లీగ్రాములున్న సీసా ఉంటుంది, 200 మిల్లీగ్రాములున్నదీ ఉంటుంది. 10 కిలోల పిల్లకు కావాల్సింది 200 మిల్లీగ్రాములు. రెండో రకం సీసా అయితే 5 మిల్లీలీటర్లు, మొదటి రకమైతే 10. "ఒక మూత పట్టించండి" అన్న మాటను నమ్ముకోకండి. సీసా మీద అంకె చదివి, డాక్టర్ రాసిన చీటీతో పోల్చి, కొలత గీతలున్న కప్పుతోనో సిరంజితోనో పోయండి.

వరుస ఇది:

- పొడి సీసా అయితే కాచి చల్లార్చిన నీటిని గీత దాకా పోసి బాగా కలపండి.
- పిల్లను కూర్చోబెట్టి పట్టించండి. ముక్కు మూసి, వెల్లకిలా పడుకోబెట్టి బలవంతంగా పోయకండి, పొరబోతుంది.
- వికారం, కడుపునొప్పి, ఒకటి రెండు విరేచనాలు కావచ్చు. వాటంతట అవే తగ్గుతాయి. మందు వెంటనే వాంతి అయిపోతే, మళ్లీ పట్టించాలో లేదో డాక్టర్‌ను అడగండి.
- ఇంట్లో మిగతావాళ్లకూ మందు అవసరమా అని అదే రోజు అడగండి. ఒక్క పిల్లకే వేసి ఊరుకుంటే, పక్కలో పడుకునే తమ్ముడి నుంచి మళ్లీ అంటుకుంటుంది.

ఆరు నెలల లోపు పాపలకు అజిత్రోమైసిన్ బదులు 1 శాతం టెట్రాసైక్లిన్ కంటి ఆయింట్‌మెంట్ ఇస్తారు. రోజుకు రెండుసార్లు, రెండు కళ్లకూ, ఆరు వారాలు. చేతులు కడుక్కుని, కింది రెప్పను కొంచెం కిందికి లాగి, ఆ సందులో సన్నటి తీగలా పెట్టాలి. ట్యూబు మూతి కంటికి గానీ వేలికి గానీ తగలకూడదు. ఒకరి ట్యూబు ఇంకొకరికి వాడకూడదు. ఆరు వారాలంటే మాటలు కాదు, రెండో వారానికే కళ్లు తేటపడతాయి, అక్కడే చాలామంది మానేస్తారు. గోడ మీద క్యాలెండర్‌లో టిక్కు పెట్టుకుంటూ పోండి.

మందు వేసిన తర్వాత కూడా రెప్ప లోపలి పొక్కులు వారాలు, నెలల తరబడి కనిపించవచ్చు. సూక్ష్మజీవి చచ్చినా వాపు నెమ్మదిగా దిగుతుంది. పొక్కులు పోలేదని సొంతంగా ఇంకో డోసు వేయకండి.

జబ్బు ఊరంతా ఉన్నచోట ఒక్కో ఇంటికీ వైద్యం చేస్తే సరిపోదు, అందరికీ ఒకేసారి మందు ఇస్తారు. కార్ నికోబార్ దీవిలో 2010లో పరీక్షిస్తే చిన్నపిల్లల్లో దాదాపు సగం మందికి అంటు దశ జబ్బు ఉందని తేలింది. దీవి మొత్తానికి ఏటా ఒకసారి చొప్పున మూడేళ్లు అజిత్రోమైసిన్ ఇచ్చాక అది బాగా దిగిపోయింది. మీరు పనిచేసే దేశంలో ఇలాంటి మందుల పంపిణీ జరుగుతుంటే, "మాకు కళ్లు బాగానే ఉన్నాయి" అని తప్పుకోకండి. లక్షణాలు లేని పిల్లల ద్వారానే ఇది తిరుగుతుంది.

7. రెప్ప ఆపరేషన్: ముందు, ఆ రోజు, తర్వాత

దీనికి జనం భయపడేది ఎక్కువ, అసలు కష్టం తక్కువ. కంటిగుడ్డు లోపలికి కత్తి పోదు. రెప్పకు మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, మచ్చ పడిన పొరను కోసి, రెప్ప అంచును బయటికి తిప్పి కుట్లు వేస్తారు. ఇంజెక్షన్ నొప్పి కొన్ని క్షణాలు ఉంటుంది. సాధారణంగా అదే రోజు ఇంటికి పంపేస్తారు.

ముందు రోజు తలస్నానం చేయించండి. కాటుక పెట్టనివ్వకండి. వెంట ఒక మనిషి తప్పనిసరి, ఎందుకంటే కంటికి కట్టుతో బస్సెక్కి రావాలి. రక్తం పలచబడే మాత్రను ఆపాలో వద్దో డాక్టర్ చెప్పాలి, మీరు ఆపకండి.

ఆపరేషన్ తర్వాత:

- మర్నాడు కట్టు విప్పించుకోండి. రెప్ప వాచి, కమిలి ఉంటుంది, కంగారుపడకండి.
- పొయ్యి దగ్గర పని, పొలం దుమ్ము కొన్నాళ్లు వద్దు. ఇది చెప్పడం తేలిక. ఇంట్లో ఆ పని ఎవరు చేస్తారో ఆపరేషన్‌కు ముందే మాట్లాడుకోకపోతే ఆవిడ మూడో రోజే వంటింట్లో ఉంటుంది.
- 7 నుంచి 14 రోజుల మధ్య మళ్లీ చూపించండి. పట్టుదారం కుట్లయితే అప్పుడు తీస్తారు. కరిగిపోయే దారమైనా వెళ్లాల్సిందే.
- మూడు నుంచి ఆరు నెలల మధ్య ఇంకోసారి. చాలామంది ఎగ్గొట్టేది ఇదే. వెంట్రుకలు మళ్లీ తిరగడం మొదలైతే బయటపడేదీ ఇప్పుడే.
- ఆపరేషన్ తర్వాత ఒక డోసు అజిత్రోమైసిన్ ఇస్తారా అని అడగండి. ఇథియోపియాలో జరిగిన ఒక ట్రయల్‌లో, ఆయింట్‌మెంట్ వాడినవాళ్లతో పోలిస్తే ఈ డోసు తీసుకున్నవాళ్లలో వెంట్రుకలు మళ్లీ తిరగడం మూడింట ఒక వంతు తగ్గింది.

చీము, పెరిగే నొప్పి, రక్తం ఆగకపోవడం, చూపు తగ్గడం, కన్ను పూర్తిగా మూతపడకపోవడం కనిపిస్తే వాయిదా తేదీ కోసం ఆగకండి.

ఇది జరిగినందువల్ల ఇప్పటికే పడిన పువ్వు పోదు, పోయిన చూపు మొత్తం రాదు. ఈ మాట ఆవిడకు ముందే చెప్పండి. గుచ్చుకోవడం పోతుంది, ఎండలోకి కళ్లు తెరిచి రాగలుగుతుంది, మిగిలిన చూపు మిగులుతుంది. ముందే చెబితే ఆ ఊరటే ఆవిడకు పెద్ద లాభంగా కనిపిస్తుంది. చెప్పకపోతే "ఆపరేషన్ చేయించినా చూపు రాలేదు" అని పక్కింటావిడను కూడా ఆపుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. శుక్లం, తిరిగిన వెంట్రుకలు రెండూ ఉంటే సాధారణంగా ముందు రెప్పే బాగుచేయించాలి. వెంట్రుకలు రుద్దుతున్న కంటికి శుక్లం ఆపరేషన్ చేస్తే ఇన్ఫెక్షన్ భయం ఉంటుంది. శుక్లం క్యాంపుకు వెళ్లినప్పుడు రెప్పల సంగతి మీరే నోరు తెరిచి చెప్పండి, అక్కడ హడావిడిలో దాటిపోవచ్చు.

ఇక మొదటి ప్రశ్న: పీకేస్తే సరిపోతుందా? ఒకటి రెండు వెంట్రుకలే ఉండి, అవి నల్లగుడ్డును తాకకపోతే, లేదా ఆపరేషన్ అసలు వద్దంటే, శిక్షణ ఉన్నవాళ్లు మంచి పట్టకారుతో మొదలంటా తీసే పద్ధతి ఉంది. కానీ వారాల్లోనే మళ్లీ మొలుస్తాయి కాబట్టి క్రమం తప్పకుండా తీయించుకోవాలి. ఇంట్లో మొండి పట్టకారుతో పీకితే వెంట్రుక మధ్యలో తెగుతుంది. ఆ తెగిన మొదలు గరుగ్గా, నిటారుగా నిలబడి, పొడుగు వెంట్రుక కంటే ఎక్కువ గీస్తుంది.

8. మొహం, తువ్వాలు, కొంగు

పుసి, చీమిడి వేళ్లకు, గుడ్డకు, ఈగ కాళ్లకు అంటుకుని ఇంకో కంటికి చేరడమే ఈ జబ్బు నడిచే దారి. మొహం శుభ్రంగా ఉంటే ఈగకు అక్కడ పనే లేదు.

నీళ్లు లేవనడం నిజమైన కష్టమే. కానీ ఒక మొహానికి గ్లాసుడు నీళ్లు చాలు. లీటరు ప్లాస్టిక్ సీసా అడుగు దగ్గర సన్నటి చిల్లు పెట్టి, నీళ్లు నింపి మూత గట్టిగా బిగించండి. ధార ఆగుతుంది. మూత వదులు చేస్తే సన్నగా వస్తుంది. దాన్ని పిల్లల ఎత్తుకు గుంజకు కట్టండి.

- కళ్ల కొసలు, ముక్కు కింద, చేతులు: ఈ మూడూ కడగాలి. నుదురు తడిస్తే సరిపోదు.
- పొద్దున ఒకసారి, ఆడి వచ్చాక ఒకసారి. పుసి కనబడితే మధ్యలో ఇంకోసారి.
- తువ్వాలు ఎవరిది వాళ్లకు. లేకపోతే గాలికి ఆరనివ్వండి.
- కాటుక, సుర్మా పుల్ల, వేలు ఒకరి నుంచి ఒకరికి మారకూడదు.

తల్లులు చేసే ఒక పని గురించి చెప్పాలి. పెద్దదాని ముక్కు కొంగుతో తుడుస్తారు, అదే కొంగు మడత తిప్పకుండా చంటిదాని కళ్లు తుడుస్తారు, ఆఖర్న అదే తమ కంటికి అద్దుకుంటారు. ప్రేమతో చేసే పనే. కానీ ఒకే గుడ్డ మూడు మొహాలు తిరిగింది. తుడవడం మానమనడం లేదు, ఇంట్లో పాత నూలు చీర ఒకటి ముక్కలుగా చింపి, రోజూ ఉతికి ఎండేసి, పిల్లకో ముక్క చొప్పున పెట్టమంటున్నాను.

9. దొడ్డి, ఈగ, చెత్త

కళ్లమీద వాలే ఈగల్లో ఒక రకం ఉంది, దాని పేరు మస్కా సార్బెన్స్. అది గుడ్లు పెట్టడానికి ఎంచుకునేది ముఖ్యంగా ఆరుబయట నేల మీద పడి ఉన్న మనిషి మలం. మరుగుదొడ్డి గుంటలో అది పెరగదు. అందుకని మరుగుదొడ్డి కట్టుకుంటే సరిపోదు, పసిపిల్లల మలాన్ని కూడా ఎత్తి అందులోనే వేయాలి. "పసిబిడ్డదేగా" అని పెరట్లో వదిలేసేది ఈగకు అచ్చంగా కావాల్సినది.

పశువుల పాక ఇంటికి కొంచెం ఎడంగా ఉంచి, పేడ, చెత్త ఏ రోజుకారోజు తీసేయండి. ఒకే గదిలో అందరూ ఒకే దుప్పటి కింద పడుకోక తప్పని ఇళ్లుంటాయి. అలాంటప్పుడు కళ్లకు జబ్బున్న పిల్లకు కనీసం తలగడ, దుప్పటి వేరుగా ఇవ్వండి.

10. ఎక్కువగా జరిగే పొరపాట్లు, వాటి దిద్దుబాటు

*షాపులో అడిగి చుక్కలు కొనడం.* ఎరుపు గంటలో తగ్గిందంటే అందులో స్టెరాయిడ్ ఉండవచ్చు. అది నల్లగుడ్డు పుండును ముదిరిస్తుంది, ఎక్కువ కాలం వాడితే కంటి ప్రెషర్ పెంచి చూపు తీస్తుంది. వాడేసి ఉంటే సీసా పట్టుకుని డాక్టర్ దగ్గరకు వెళ్లి కంటి ప్రెషర్ చూపించుకోండి.

*ఆకు పసరు, చనుబాలు, తేనె కంట్లో పోయడం.* పుండున్న కంటికి ఇవి కొత్త ఇన్ఫెక్షన్ తెస్తాయి. పోసి ఉంటే శుభ్రమైన నీటితో ధారాళంగా కడిగి, ఆసుపత్రిలో దాచకుండా చెప్పండి. తిడతారని దాస్తే వైద్యం దారి తప్పుతుంది.

*ఒక కన్నే చూడటం.* బాధ ఉన్న కన్నుకు ఆపరేషన్ చేయించి రెండోదాన్ని వదిలేస్తారు. రెండో కంట్లో కూడా మచ్చ ఉండే ఉంటుంది.

*మందు వేశాం కదా అని మొహం కడగడం మానేయడం.* మందు ఇప్పుడున్న ఇన్ఫెక్షన్‌కే. రేపు అంటుకునేదాన్ని అది ఆపదు.

*ఆపరేషన్‌కు "పంట చేతికొచ్చాక", "పెళ్లయ్యాక" అని వాయిదా వేయడం.* ఆ మధ్యలో వెంట్రుక రుద్దడం ఆగదు. తప్పనిసరై వాయిదా వేస్తే, అప్పటిదాకా ఆసుపత్రిలో వెంట్రుకలు తీయించుకునే తేదీలు, రాసుకోవాల్సిన ఆయింట్‌మెంట్ అడిగి తీసుకోండి. ఆపరేషన్ తేదీ చీటీ మీద రాయించుకునే బయటికి రండి.